రోసిలి చేచి ఏడో హెచ్

త్రిశూర్ శివారులోని డ్రైవింగ్ టెస్టు మైదానంలో, గురువారం పొద్దున్నే జీడిమామిడి చెట్టు కింద కూర్చునేవాళ్ళందరూ మొదటిసారి వచ్చినవాళ్ళే. కనీసం పక్కవాళ్ళతో అలాగే చెబుతారు. నేనూ అలాగే చెప్పాను. నాకది నాలుగోసారి.

హెచ్ అక్షరంలా పాతిన కడ్డీల మధ్య కారును ముందుకూ వెనక్కూ నడపాలి. కడ్డీకి తగిలినా, బండి మధ్యలో ఆగినా ఇంటికే. మూడోసారి నేను కడ్డీని వదిలేసి, దాని అవతలున్న టీ బండికి తగిలించాను. అరటిగెల వచ్చి బానెట్ మీద పడింది. అంత చరిత్ర ఉన్నదాన్ని, పక్కవాళ్ళకు ఏమని చెప్పుకోను?

ఆ రోజు మాకు డ్రైవింగ్ నేర్పే ఆశాన్ కాగితాలు సర్దుకుంటూ ఒక పెద్దావిడను అడిగాడు.

“చేచీ, మీకిది ఎన్నోది?”

“ఆరోది,” అంది ఆవిడ, టీ బండి దాకా వినబడేలా.

ఆవిడే రోసిలి చేచి, అంటే రోసిలి అక్క. బడిలో ఇరవై ఏళ్ళుగా మధ్యాహ్న భోజనం వండే మనిషి. వయసు యాభై మూడు. ఎవరూ అడగకుండానే తన ఫెయిళ్ళన్నీ చెప్పుకొచ్చింది. మొదటిసారి చెప్పు బ్రేకు కింద ఇరుక్కుంది. రెండోసారి చర్చి గంట మోగితే రెండు చేతులూ వదిలేసి దణ్ణం పెట్టుకుంది.

“మూడోసారి బాగానే నడిపానమ్మా. కిటికీలోంచి చూద్దును కదా, ఇన్‌స్పెక్టరు మన సిబి. రెండో తరగతిలో నా చేతి గంజీ పెసలూ తిన్నవాడు. బండాపి, ‘ఏరా సిబీ, ఏమైనా తిన్నావా’ అన్నాను. ‘తినలేదు చేచీ, మీరు ఫెయిల్’ అన్నాడు.”

నవ్వి నవ్వి నా నోరు జారింది. అరటిగెల సంగతి చెప్పేశాను. నా పక్కనున్న రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గొంతు సవరించుకుని, తనది ఐదోసారన్నాడు. ఇక రానని కిందటి వారమే భీష్మించుకుని, కాగితాలు తీసుకుపోవడానికి వచ్చిన నర్సు షహాన, తన గేరు కథ చెప్పి, వచ్చే గురువారానికి పేరు రాయించుకుంది. అప్పటిదాకా ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళం, ఆ పూట టీకి కలిసి వెళ్ళాం.

రోసిలి చేచి ఆ రోజూ ఫెయిలైంది. వెనక ఎడమ మూల కడ్డీ, నాలుగోసారీ ఐదోసారీ తగిలిందే.

టీ గ్లాసు పట్టుకుని ఈసారి మాత్రం ఆవిడ నవ్వలేదు.

“ఎల్లెల్లార్ గడువు నెలాఖరుకి అయిపోతుంది వత్సలా. ఇంకొక్కసారే. మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టే ఓపిక నాకు లేదు.”

ఆవిడ భర్త లోనప్పన్‌కు ఏడాది కిందట పక్షవాతం వచ్చి కాలు చచ్చుబడింది. అప్పట్నుంచీ ఇల్లూ పెరడూ దాటలేదు. ఎవరో ఆటోవాడు ఎత్తి కూర్చోబెడితే తాను ఎక్కనంటాడట. సొంత కారు షెడ్డులో ఉంది. అందులోనైతే వస్తాడని ఆవిడ ఆశ. కానీ ఆ కారు ఆయన ఇంకొకరి చేతికి ఏనాడూ ఇవ్వలేదు.

“మరి నువ్వు నేర్చుకుంటుంటే ఏమనడం లేదా?”

“ఆయన లెక్కలో నేను నొవేనా ప్రార్థనకి వస్తున్నాను. ఊళ్ళో నా అంత భక్తురాలు లేదు.”

“ఇంతమందికి చెప్పావు, ఆయనకి చెప్పలేవా?”

“మీరు నవ్వితే నేనూ నవ్వుతాను. ఆయన నవ్వితే మళ్ళీ స్టీరింగు పట్టుకోలేనే.”

నేను ఊరుకోలేదు. నాది కాని కాపురంలో నాకు ధైర్యం ఎక్కువ. ఆదివారం చేచి ఆయనకి చేపల కూర వడ్డిస్తూ చెప్పేసిందట. లోనప్పన్ ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడట.

“ఆరుసార్లా?”

“ఆరు.”

“నాకు ఐదు,” అన్నాడట.

ఫోన్లో నాకు ఇది చెబుతూ ఆవిడ కోపంతో ఊగిపోయింది. పెళ్ళిచూపుల్లో వాళ్ళ నాన్నతో ఆయన చెప్పుకున్న మొదటి గొప్ప, లైసెన్సు ఒక్క దెబ్బకే వచ్చిందని. ముప్పై ఏళ్ళు ఆ మాట మీదే ఇంట్లో పెత్తనం చేశాడు.

మర్నాడు సాయంత్రం వెళ్ళి చూద్దును కదా, వాళ్ళ పెరట్లో హెచ్ వెలసింది. షెడ్డులోని తెల్ల కారు బయటికొచ్చింది, స్టీరింగు ముందు చేచి. చీపురు, నీళ్ళ బిందె, స్టూలు, కొబ్బరికాయల బుట్ట. ఆవిడకు ఎప్పుడూ కుదరని ఆ వెనక ఎడమ మూలలో, కుర్చీ వేయించుకుని స్వయంగా లోనప్పన్.

“నాకు తగిలిందంటే ఫెయిలే కాదే, విధవవి కూడా అవుతావు.”

“అయితే ఇన్సూరెన్సు కాగితాలు ఎక్కడున్నాయో చెప్పి కూర్చో.”

మూడు రోజులు ఒకటే తిట్లు. చీపురు రెండుసార్లు పడింది, బిందె సొట్టపోయింది. కుర్చీ మాత్రం చెక్కుచెదరలేదు.

గురువారం ఇన్‌స్పెక్టరు సిబి ముందే దగ్గరికొచ్చి చెప్పాడు.

“చేచీ, నేను తినే వచ్చాను. బండి ఆపకండి.”

చెట్టు కింద మేమందరం లేచి నిలబడ్డాం. కారు వెనక్కి వచ్చింది, ఎడమ మూల దగ్గర నత్తలా తిరిగింది, కడ్డీని తాకకుండా బయటపడింది. మేనేజరు గారు నా భుజం పట్టుకుని ఏడ్చారు.

“ఎలా చేశావు?” అని అడిగాను.

“కడ్డీ బదులు ఆయనే కనిపించాడు. చంపబుద్ధి కాలేదు.”

రోడ్డు టెస్టూ అయింది. లైసెన్సు చేతికొచ్చిన ఆదివారం, కూడలిలో కూరలు కొంటుంటే ఆ తెల్ల కారు టీ కొట్టు ముందు ఆగింది. లోనప్పన్ పాత నేస్తాలు నలుగురూ బెంచీ మీంచి లేచొచ్చారు. ఒకడు చంక కింద చెయ్యి వేయబోతే ఆయన డోరు పట్టుకుని వదల్లేదు. రోసిలి చేచి స్టీరింగు మీద చేతులు తీయకుండా ముందుకే చూస్తూ కూర్చుంది.

“పౌలోసూ,” అన్నాడు చివరికి, “నాకు లైసెన్సు ఎన్నోసారికి వచ్చిందో తెలుసా నీకు?”

“మొదటిసారికేగా. మా చెవులు చిల్లులు పడేలా చెప్పావు.”

“ముందు ఎత్తరా, చెబుతాను.”

ఇద్దరు పట్టి దింపి బెంచీ మీద కూర్చోబెట్టారు. కథ మొదలైంది. నేను కూరలు కొని, బేరమాడి, తిరిగొచ్చేసరికి కొట్టువాడితో సహా అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. లోనప్పన్ ఇంకా మూడో ఫెయిలు దగ్గరే ఉన్నాడు.