ఉరిమితే పీకమన్న వైరు

మొన్న మధ్యాహ్నం ఖమ్మంలో మా ఇంటి వైఫై పెట్టె దానంతట అదే కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించుకుని, ఆ తరువాత పనిచేయనని మొండికేసింది. కంపెనీకి ఫోన్ చేస్తే అటునుంచి ఎవరో అమ్మాయి ఎంతో ఓపికగా, ప్లగ్గు పీకి ముప్పై లెక్కపెట్టి మళ్లీ పెట్టమంది. టెలిఫోన్ ఆఫీసులో మెకానిక్‌గా జీవితమంతా గడిపినవాణ్ని, ఆ మాట నేనే కొన్ని వందల ఇళ్లలో చెప్పి ఉంటాను. అయినా నా చెయ్యి ప్లగ్గు దాకా వెళ్లి ఆగిపోయింది. చివరికి మా ఆవిడే విసుక్కుంటూ వచ్చి పీకింది. పెట్టె బాగుపడింది గానీ ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, రెండువేల తొమ్మిది ప్రాంతంలో ఇంటర్నెట్టు మన ఊళ్లకు టెలిఫోన్ తీగ మీదే వచ్చేది. నేనప్పుడు మణుగూరులో పనిచేసేవాణ్ని. అక్కడినుంచి పినపాక దాటి అడవి అంచు ఊళ్ల దాకా స్తంభాల మీద తీగ వేలాడుతూ పోయేది, వానాకాలం వచ్చిందంటే పిడుగుపాటుకు ఏ ఊళ్లో ఎన్ని పెట్టెలు మాడిపోయాయో లెక్క చూసుకోవడమే మా పని. అందుకని పెట్టె బిగించిన ప్రతి ఇంట్లోనూ నేనొక పాఠం చెప్పి వచ్చేవాణ్ని, ఉరిమిందంటే చాలు, ఎవర్నీ అడక్కండి, కరెంటు ప్లగ్గూ ఫోను వైరూ రెండూ పీకి పక్కన పెట్టండి అని. కొందరు వినేవారు, కొందరు తలూపి మరిచిపోయేవారు.

మా అక్కను పినపాక అవతల ఒక చిన్న ఊరికి ఇచ్చారు. మాది మధిర వైపు, మెట్టినింటికి ఆమె వెళ్లిన కొత్తలో ఆ అడవి చూసి మా అమ్మ ఏడ్చింది గానీ, మనుషులు బంగారం. అక్క అత్తగారు మరీనూ. వాళ్లింట్లో వైర్‌లెస్ పెట్టె బిగించిన రోజున అక్కా బావా పత్తి చేనుకు పోయారు, మేనకోడలు హాస్టల్లో ఉంది, ఇంట్లో ఉన్నది ఆ పెద్దావిడ ఒక్కతే. ఎవరో ఒకరికి చెప్పాలి కదా అని ఆమెకే చెప్పాను. చెప్పడమే కాదు, చెయ్యి పట్టుకుని మూడుసార్లు పీకించి పెట్టించాను. చదువు రాదు, కరెంటంటే భయం, అయినా నాలుగోసారి నా సాయం లేకుండానే పీకి, ప్లగ్గును కొంగుతో తుడిచి బల్ల మీద పెట్టి, "గింతేనా బిడ్డా, గిది నేను జూసుకుంట తియ్" అంది. చూసుకుంది కూడా. అదే లైనులో రెండిళ్లలో పెట్టెలు మాడిపోయినా ఆ ఇంటిది చెక్కుచెదరలేదు, నేను ఆఫీసులో ఆవిడ సంగతి గొప్పగా చెప్పుకుని తిరిగాను.

ఆ ఊళ్లో ఇంజనీరింగ్ ర్యాంకు తెచ్చుకున్న మొదటి ఆడపిల్ల మా మేనకోడలు. కౌన్సెలింగ్ కొత్తగా ఇంటర్నెట్లో పెట్టారు. ఏ కాలేజీ కావాలో వరుసగా నింపి, గడువు తేదీన సాయంత్రం అయిదు లోపల భద్రం చేస్తేనే సీటు. పిల్ల నోటుబుక్కు నిండా కాలేజీల పేర్లు రాసుకుంది, కొట్టేసింది, మళ్లీ రాసుకుంది. నింపడానికి కూర్చుంటే మాత్రం సగంలో వైర్‌లెస్ తెగిపోయేది, నింపినదంతా ఎగిరిపోయేది. అలా రెండు రోజులు గడిచాక, చివరి రోజు పొద్దున అక్క ఫోన్ చేస్తే నేను స్కూటరేసుకుని వెళ్లాను.

జేబులో పెన్‌డ్రైవ్ ఉంది. పెట్టెలోకి ఎక్కించాల్సిన కొత్త సాఫ్ట్‌వేరు, ఫర్మ్‌వేర్ అనేవాళ్లం, అందులో వేసి ఆఫీసులో ఇచ్చారు. అప్పటికి నాలుగిళ్లలో ఎక్కించాను, నాలుగూ బాగుపడ్డాయి, నాకు కాస్త తలకెక్కింది. నిజానికి పెట్టె నుంచి పిల్ల ల్యాప్‌టాప్‌కు వైరు తగిలించి, ముందు పిల్ల పని కానిచ్చి, ఆ తరువాత నా పాండిత్యం చూపించుకుంటే సరిపోయేది. వైరుతో నెట్టు తెగేది కాదేమో. ఆ ఆలోచన నాకు రాలేదని అబద్ధం చెప్పను, వచ్చింది. కానీ మేనమామ వచ్చి శాశ్వతంగా బాగుచేసి పోయాడనిపించుకోవాలని ఉంది. ముందు గది కిటికీలోంచి జల్లు కొడుతోందని పొడుగాటి వైరు లాగి, మధ్య గదిలో పిల్ల బల్ల మీద ల్యాప్‌టాప్‌కు తగిలించి మొదలుపెట్టాను. దయచేసి కరెంటు ఆపవద్దు అని తెర మీద వచ్చింది, సగంలో ఆగితే ఆ పెట్టె మళ్లీ లేవడం కష్టం. నేను, అక్క, పిల్ల చదివాం. ముందు గదిలో చేటలో పెసలు ఏరుకుంటున్న పెద్దావిడకు మాత్రం ఎవరూ చదివి చెప్పలేదు.

సగానికి పైగా ఎక్కింది. అంతలో అడవి వైపు నుంచి గట్టిగా ఉరిమింది. తెర మీద గీత కదలడం ఆగిపోయింది. నేను ముందు గదిలోకి పరుగెత్తేసరికి ఆవిడ ప్లగ్గును కొంగుతో తుడుస్తోంది. నన్ను చూసి ముఖమంతా వెలిగిపోతుంటే, "ఉరిమింది, పీకిన" అంది.

అప్పటికే బావ గుమ్మంలోకి వచ్చాడు. నా నోట్లోంచి వచ్చిన మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. "నిన్నెవరు పీకమన్నారు అత్తా?" అన్నాను. ఆవిడ నా వంక చూసింది. నువ్వే కదా బిడ్డా అంటుందనుకున్నాను, అంటే ఒప్పుకుందామనే అనుకున్నాను. ఆవిడ ప్లగ్గును బల్ల మీద పెట్టింది. తల వంచుకుని చేట దగ్గరికి పోయి కూర్చుంది.

ఇక నా వైద్యం మొదలైంది. ప్లగ్గు పెట్టాను, తీశాను, ముప్పై లెక్కపెట్టాను, అరవై లెక్కపెట్టాను. అక్క గాజులకున్న పిన్నీసు తీసుకుని వెనక చిన్న రంధ్రంలో గుచ్చి పట్టుకున్నాను. ఎర్ర దీపం ఒక్కటే వెలుగుతోంది, తక్కినవి చచ్చిపోయాయి. వైరు మార్చాను, పెట్టె లోపలి పేజీ తెరవడానికి అంకెలు మళ్లీ మళ్లీ కొట్టాను. మంత్రాలకు చింతకాయలు రాలతాయా? మధ్యాహ్నం పన్నెండింటికి బావ చెప్పులు వేసుకుని వచ్చి, "బామ్మర్దీ, మణుగూరు పోదాం నడువు, నెట్ సెంటర్ల కూసొని జేసుకుంటది పిల్ల. వాగు ఇంకా కల్వర్టు మీదికి ఎక్కలే" అన్నాడు. పది నిమిషాల్లో అయిపోతుంది బావా అన్నాను. ఒంటిగంటకు మళ్లీ అడిగితే మళ్లీ అదే అన్నాను. మూడింటికి నేను పిన్నీసు కింద పడేసి లేచేసరికి వాగు కల్వర్టు మీదికి ఎక్కింది, ఊరి బయట చెట్టుకొమ్మ పడి ఫోను తీగ తెగింది, కరెంటు పోయి సెల్లు సిగ్నలూ పోయింది. ఖమ్మంలో ఎవరికైనా ఫోన్ చేసి నింపమందామన్నా దారి లేదు. నేను మణుగూరులో కూర్చుని వందల మందికి లైను కలిపిన మనిషిని, ఆ సాయంత్రం ఒక్క పిల్లకు కలపలేకపోయాను.

అయిదు దాటాక మేనకోడలు నోటుబుక్కు మూసి, గోడవైపు తిరిగి పడుకుంది. బావ నన్నేమీ అనలేదు. భార్య తమ్ముణ్ని, ఎలా అంటాడు? వాళ్లమ్మ మీదికి పోయాడు. "ముసల్దానివి, ఓ మూలకు కూసోరాదే అమ్మా! పిల్ల బతుకు మీద కొట్టినవ్ గదనే!" అన్నాడు. ఆవిడ పెసలు ఏరుతూనే ఉంది. నేను తడిసిన స్కూటరు తుడుచుకుంటున్నట్టు నటిస్తూ వాకిట్లో నిలబడ్డాను.

రెండో విడతలో మిగిలినవి పేరు వినని దూరపు కాలేజీలు. బావ పంపనన్నాడు. పిల్ల దగ్గర్లోనే డిగ్రీ చదివి, ఇప్పుడు ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతోంది. నానమ్మతో మాట్లాడటం ఆరోజే తగ్గించింది. పెద్దావిడ ఆ తరువాత ఆ ఇంట్లో ఏ స్విచ్చూ ముట్టుకోలేదు. వేసవిలో వెళ్తే పంకా వేసుకోకుండా చెమటలు కక్కుతూ కూర్చునేది, చీకటి పడ్డా ఎవరైనా వచ్చి దీపం వేసేదాకా అలాగే ఉండేది. ఇంట్లోవాళ్లకది చాదస్తంలా కనిపించేది. నాకు మాత్రం చాదస్తం కాదని తెలుసు.

ఆవిడ మంచం పట్టాక ఒకసారి దగ్గర్లో ఎవరూ లేనప్పుడు వరండాలో ఆమె పక్కన కూర్చుని, ఎందుకు చెప్పలేదత్తా అని అడిగాను. "ఇంటికొచ్చిన సుట్టానివి నాయనా. నా కొడుకు ముందల నిన్నెట్ల తక్కువ జేస్త?" అంది. అప్పుడైనా లేచి లోపలికి వెళ్లి బావతో చెప్పాల్సింది. ఆవిడే మాఫీ చేసింది కదా అని నాకు నేను సర్దిచెప్పుకుని, అక్క పెట్టిన టీ తాగి వచ్చేశాను. ఆ నెల్లోనే ఆమె పోయింది. పదకొండో రోజున మేనకోడలు వడ్డిస్తూ, నానమ్మ గా వైరు పీకకపోతే నేనిప్పుడెక్కడుందునో అని ఎవరితోనో అంది. నేను విస్తరిలోకి చూస్తూ కూర్చున్నాను.

ఇప్పటి పెట్టెలు తెలివి మీరాయి. కొత్తది ఎక్కుతుండగా మధ్యలో కరెంటు పోయినా, లోపల దాచుకున్న పాతదాన్ని పట్టుకుని మళ్లీ లేస్తాయట. పెట్టె బిగించడానికి వచ్చిన మనిషి అయిదు నిమిషాల్లో వెళ్లిపోతాడు, ఇంటివాళ్లకు ఏదీ నేర్పడు, నేర్పనవసరం కూడా లేదు. మాలాగా చెయ్యి పట్టుకుని నేర్పిన కాలం మంచిదని రిటైరైన మా వాళ్లు కలిసినప్పుడల్లా అంటుంటారు, నేను అవుననలేను. మేనకోడలు చదివే అలవాటున్న మనిషి, ఇది ఆమె కంట పడుతుందని తెలిసే రాస్తున్నాను. తల్లీ, ఆ వైరు పీకమని మీ నానమ్మకు నేర్పింది నేనే. ఆ ఒక్కరోజు పీకవద్దని చెప్పనిదీ నేనే. ఈ రెండు మాటలు ఆవిడ బతికుండగా, ఆవిడ వింటుండగా మీ అందరి ముందూ అనాల్సింది.