జడ్జి పేరుకు ముందున్న రెండక్షరాలు

2019 ఫిబ్రవరి 6, బుధవారం, ఉదయం పది నలభైకి ఆ ఆర్డరు జమ్మలమడుగులోని మా రాతిపలకల అంగడికి వచ్చింది. తెచ్చింది ప్రొద్దుటూరు వకీలు ఒకాయన. అక్కడ కొత్తగా కట్టిన పఠన మందిరానికి, ఒకప్పుడు ఆ ఊరి కోర్టులో జడ్జిగా చేసిన ఓబులేసు గారి పేరు పెడుతున్నారు. ప్రారంభం 24వ తేదీ, ఆదివారం.

మా అంగట్లో రాతి మీద అక్షరాలు గీసేది నేను. ఆ గీత వెంట ఉలితో చెక్కేది మస్తాన్. గీసే పనిని లేఅవుట్ అంటాం. ఏ అక్షరానికి ఎన్ని అంగుళాలు పడుతుందో ముందే లెక్కకట్టి, పలక నడుమ సెంటర్ లైన్ వేసి, దానికి రెండువైపులా మాట సమానంగా తూగేటట్టు సర్దడం. అప్పటికి ఆ పనిలో నాకు నలభై ఒక్క ఏళ్ళు.

ఓబులేసు గారిని నేను ఒక్కసారే చూశాను. 1984లో ఒక గోడ తగాదాలో నేను సాక్షిని. ఒక ముసలమ్మ కాగితం మీద వేలిముద్ర వేయబోతుంటే ఆయన ఆపారు. "అందులో ఏముందో చదివించుకున్నావా తల్లీ?" అని అడిగి, గుమాస్తా చేత మొదటి నుంచి చివరి దాకా చదివించారు. కిటికీలోంచి పడిన ఎండ నేల మీద ఒక గచ్చు బండ నుంచి ఇంకో బండకు జరిగేంత సేపు అందరం ఊరకే వింటూ కూర్చున్నాం. అలాంటి మనిషి పేరు చదువుకునే చోటికి పెట్టడం నాకు నచ్చింది.

కాగితంలో పై వరుస "కీ.శే. ఓబులేసు గారి", కింది వరుస "పఠన మందిరం". మా పనిలో మొదట అడగవలసిన మాట ఒకటుంది: మనిషి ఉన్నారా, పోయారా? ఉంటే శ్రీ, పోతే కీ.శే. అచ్చులో అంత స్పష్టంగా ఉండేసరికి ఆ రోజు నేను అడగలేదు.

మా పక్క నల్లరాయికి ఒక గుణం ఉంది. చెక్కిన చోట తెల్లగా కనిపిస్తుంది. తడిపితే అక్షరాలు మాయమై, ఆరేకొద్దీ ఒక్కొక్కటీ తేలి వస్తాయి. మస్తాన్ నీళ్ళు చల్లి తుడిచిన ప్రతిసారీ నేను పని మాని చూస్తూ ఉండేదాన్ని. జడ్జి పేరు నీటి అడుగు నుంచి నెమ్మదిగా పైకి వస్తున్నట్టుండేది. పదకొండు రోజుల్లో పని ముగిసింది.

20వ తేదీ బుధవారం, పదకొండున్నరకు పులివెందుల నుంచి ఒక కారు వచ్చింది. ఒకామె తెల్లచొక్కా వేసుకున్న ముసలాయనను చెయ్యి పట్టి దించింది.

"మా నాయనకు కండ్లు శానా మసకమ్మా. మందిరమోళ్ళు ఆదివారం పిలిచినారు, ఆ జనంలో రాయి తడుముకోలేడని ఈ పొద్దే పిల్చుకొచ్చినా," అంది.

"నా పేరు రాసిన రాయంట. యాడుందమ్మా?" అన్నారాయన.

నా చూపు కీ.శే. మీదికి పోయింది. మస్తాన్ ఏమీ ఎరగకుండా ఆయనను పలక దగ్గరికి నడిపించాడు. ఆయన చెయ్యి పేరు మీద పడింది. వేలు 'ఓ' చుట్టూ మెల్లగా తిరిగింది, నిద్రలో ఏదో వెతుక్కుంటున్నట్టు. తర్వాత కుడిపక్కకు పోయింది.

"గారి అని గూడా ఏసినారా! మన పక్క గారు యాడిదమ్మా? కోర్టులో తప్ప నన్నెవురూ అనింది లేదు."

నవ్వుతూ ఎడమపక్కకు వచ్చారు. 'శే' తడిమారు. 'కీ' తడిమారు. చెయ్యి ఆగిపోయింది.

"ఎప్పుడు పోయినానమ్మా?" అన్నారు. "తిథి చెప్తే రాసిపెట్టుకుంటా."

కూతురు వంగి చదివింది. "ఈ రాయి కింద మా నాయనను కుర్చీ ఏసి కూచోబెడతారా? మేము రాము," అంది.

"నువ్వుండు పాపా. ఏమమ్మా, మనిషిని అడిగి రాసినావా, కాగితం చూసి రాసినావా?"

"కాగితం చూసి, సార్."

"అంటే సాక్షిని పిలవకుండానే తీర్పు రాసినావు." నవ్వారు గానీ, చెయ్యి మాత్రం ఆ రెండక్షరాల మీద నుంచి తీయలేదు. "ఆదివారం పోదామని శానా ఆశగా ఉంటి," అన్నారు.

శుక్రవారానికి పలక గోడలో ఉండాలి. కొత్తది చెక్కడానికి వ్యవధి లేదు.

"లప్పం పెట్టి పూడ్చేద్దాం పెద్దమ్మా. నల్లరంగు కలిపితే ఎవురికి తెలుస్తాది?" అన్నాడు మస్తాన్.

"వానకు తెలుస్తాది," అన్నాను.

టేపు తీశాను. పలక నలభై ఎనిమిది అంగుళాలు. అంచులు రెండు, రెండు. కీ.శే. ఆరు, ఓబులేసు ఇరవై నాలుగు, గారి ఆరు, పేరుకు అటూ ఇటూ ఖాళీ నాలుగు, నాలుగు. కింది వరుస నడుమ ఇరవై ఆరే, దానికి ఇబ్బంది లేదు. ఎడమపక్క ఎనిమిది అంగుళాలు కోస్తే కీ.శే. పోతుంది. కానీ పేరు సెంటర్ లైన్ మీద నిలవాలంటే కుడిపక్క కూడా ఎనిమిది కోయాలి. అప్పుడు 'గారి' కూడా పోతుంది. సిగ్గుపడుతూనే ఆ సంగతి ఆయనకు చెప్పాను.

"గారు పోతే పోనీమ్మా," అన్నారు. "ఓబులేసు ఉంటే చాలు."

గురువారం మిషన్ పెట్టి కోశాం. శుక్రవారం పలక గోడలో కూర్చుంది. సాయంత్రం వకీలు ఫోన్ చేశాడు.

"జడ్జికి గారు లేకుండా రాయేందక్కా? జనం నవ్వరా?"

"కీ.శే. అని రాసిచ్చిందెవరో ఆ జనానికి చెప్పమంటావా అప్పా?"

ఫోన్ పెట్టేశాడు.

ఆదివారం ఆయన వచ్చారు. పలక కింద కుర్చీలో కూర్చున్నారు. వీరపునాయునిపల్లె నుంచి వచ్చిన ఒక రైతు, మెడ పైకెత్తి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ గట్టిగా చదివాడు: "ఓ... బు... లే... సు..."

"ఉండా," అన్నారు జడ్జి.

ఆ తర్వాత కాగితంలో ఎంత స్పష్టంగా రాసి ఉన్నా సరే, ఆ పేరు గల వారి ఇంటికి ఫోన్ చేసి మనిషి సంగతి అడగనిదే గీత గీయలేదు. అచ్చయిన మాటను అడిగి చూడడం అమర్యాద అనుకుని నలభై ఒక్క ఏళ్ళు పని చేశాను. అడగకపోవడమే అమర్యాద అని ఆ పలకతో తెలిసింది.

ఆ పనిలో పోయినవి: పదహారు అంగుళాల రాయి, నాలుగు అక్షరాలు, రెండు చుక్కలు, ప్రొద్దుటూరు వకీలు.