నేను సంతకం పెట్టిన కారు కాగితం

మొన్న పక్కింటాయన పాత ట్రాక్టరు కొంటూ సాక్షి సంతకం కోసం నా దగ్గరికి కాగితం తెచ్చాడు. కళ్ళద్దాలు పెట్టుకుని వేలితో ఒక్కొక్క అక్షరమే తడుముతూ పోతే, చివరి వరుసలో 'ఉన్నది ఉన్నట్టుగా' అన్న ఆ మాట ఉండనే ఉంది. నా చెయ్యి ఆగిపోయింది.

నేను మూడో తరగతి దాటలేదు. అయినా మా వీధి ముసలివాళ్ళలో సంతకం వచ్చినది నేనొక్కదాన్నేనని కొంచెం గర్వం ఉండేది. కోసిగిలో పనుల్లేక నా కొడుకు ఏటా గుంటూరు వైపు మిరపకోతలకు పోయేవాడు. మంత్రాలయం స్టేషను నుంచి యాత్రికులను తిప్పుకుంటే ఇంటిపట్టునే ఉంటాడని, మాతోపాటు చర్చికి వచ్చే ఒక పెద్దమనిషి వాడుకున్న కారు చూశాం, టాక్సీ పసుపు బోర్డుకు తర్వాత మార్పించుకోవచ్చని. ఆదోని నుంచి మెకానిక్కును తెస్తానని కొడుకు అంటే నేనే ఒప్పుకోలేదు.

"తెలిసిన మనిషి బండిని చూడనీకి వానికి దుడ్లు ఎందుకియ్యల్లరా? కాగితం రాపిచ్చుకుంటే సాలదా?" అన్నాను.

బండి నా పేరుతోనే గనక సంతకమూ నాదే. బాగా చూసుకుని, తృప్తిపడి, ఉన్నది ఉన్నట్టుగా కొన్నామని చివర రాసి ఉంటే, ఎంత మర్యాదగా రాశారో అనుకుని మరీ పెట్టాను.

పన్నెండో రోజున దోవలో ఇంజను పొగలు కక్కి నిలిచిపోయింది. పగులు మీద ముందే ఏదో పూసి కప్పారని మెకానిక్కు చెప్పాడు. ఆ పెద్దమనిషి ఇంటికి పోతే, కూర్చోబెట్టి టీ ఇప్పించి, "సూసుకోనే కదమ్మా కొంటివి, నీ సంతకమే ఉండాదే" అన్నాడు నెమ్మదిగా.

కర్నూలులో వకీలు ఓపికగా విన్నాడు. వినియోగదారుల కోర్టు వ్యాపారం చేసేవాళ్ళ మీదేనట, సొంత బండి అమ్ముకున్నవాడి మీద అక్కడ నిలవదట. సివిలు కోర్టుకు పోవచ్చు గానీ, తెలిసీ దాచాడని మేమే రుజువు చేయాలట.

"ఏండ్లు పడ్తాది పెద్దమ్మా. పైగా ఇది ఉండాది," అని కాగితం నా వైపు తిప్పి ఆ మాట మీద వేలు పెట్టాడు.

నా కొడుకు ఆ ఏడు భార్యను కూడా తీసుకుని మిరపకోతలకు పోయాడు. ఆ పెద్దమనిషి ఇప్పటికీ ఆదివారం ముందు వరుసలో కూర్చుని, నా మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడుగుతాడు.

పక్కింటాయనను మెకానిక్కుకు చూపించావా అని అడిగాను. "తెలిసినోళ్ళదేలే అవ్వా," అన్నాడు. నేను సంతకం పెట్టలేదు. సాయంత్రానికి ఇంకెవరో పెట్టారు.

నా చిన్నప్పుడు మా నాయన సంతలో కొన్న ఎద్దు మూడో రోజే దున్నుతుండగా చాల్లో పడుకుంది. నాయన దాన్ని తోలుకుని, నన్ను వెంటబెట్టుకుని, దాన్ని అమ్మిన మనిషి ఊరికి నడిచాడు. ఆయన వాకిట్లో మమ్మల్ని చూడగానే తల దించుకుని, "దాని గుణం నాకు తెల్సప్పా, చెప్పనీకి నోరు రాకపాయె," అని నాయన చేతిలోని పగ్గం తానే అందుకున్నాడు. ఆయనకూ సంతకం రాదు, మా నాయనకూ రాదు.