జైపూర్ రోడ్డు మీద పొడి బనీను

మా వియ్యంకుడు పోయాడు. గోదావరిఖని దవాఖానలో, తెల్లవారుతుండగా. మీలో చాలామందికి ఆయన గనిలో రిటైరైన మనిషి. సైకిల్ పందేలకు పోయే పిల్లలకు మాత్రం వానలో రోడ్డు పక్కన నిలబడే తాత. ఆ పిల్లల్లో మా ఇద్దరి మనవరాలూ ఉంది. నా కూతురికి, ఆయన కొడుకుకు పుట్టిన బిడ్డ.

ఆ పందేలు నాకు నచ్చవు. పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా, వాన పడ్డా తొక్కుడే. ముసురులో గోదావరి వంతెన మీద గాలి కొడితే ఊరికే నిలబడ్డవాడికే పళ్లు టకటకలాడతాయి. తడిసిన పిల్ల ఏం కావాలి? అడిగితే ఆయన నవ్వేవాడు.

"తొక్కినంతసేపు చలి రాదు బావా. ఆగినంక వస్తది. ఆగినకాడ నేనుంట."

మొదటి పందెంలో పిల్లకు తన డ్యూటీ రబ్బరు కోటు తొడిగించి పంపాడు. గనిలో కప్పు నుంచి కారే నీళ్లను ఆపిన కోటు, వానను ఆపదా అని. వానను ఆపింది. లోపల చెమటకే పిల్ల ముద్దయి వణికిపోయింది. "పిల్లను ఇడ్లీ లెక్క ఉడకవెట్టిన బావా" అని ఆయనే ఊరంతా చెప్పుకున్నాడు.

ఆ తర్వాత కోటు మానేసి, ఇద్దరం గనిలో పనిచేసిన రోజుల్లో చేసిందే పట్టుకున్నాడు. పైకి వచ్చే ముందు తడి బనీను విప్పి, కవరులో దాచుకున్న పొడిది తొడుక్కునేవాళ్లం. లేకపోతే బయటి గాలికి కొయ్యబారిపోతాం. అందుకే సగం దారిలో, జైపూర్ దగ్గర, పొడి బనీను చొక్కా లోపల కడుపుకు కట్టుకుని నిలబడేవాడు.

"ఏంది బావా, కడుపొచ్చిందా?" అన్నాను ఒకసారి.

"ఔ, ఏడో నెల. నీకేం కుళ్లు? సంచిల పెడితే చల్లగైతది. ఒంటి మీదుంటే పిల్లకు వెచ్చగుంటది."

దవాఖానలో ఆఖరుసారి చూసినప్పుడు రొప్పుతూ అదే ఫికర్. "జైపూర్ కాడ ఎవరుంటరు?"

"నువ్వే ఉంటవ్. లేచి రా" అన్నాను.

నా పొట్ట వైపు చూశాడు. "నీది సరిపోతది."

పెద్దకర్మ అయ్యాక పందెం వచ్చింది. వద్దన్నాను. పిల్ల వినలేదు. పోయి జైపూర్ దగ్గర నిలబడ్డాను. ఒకటే ముసురు. ఒక్కొక్కరూ దాటిపోతున్నారు, మా పిల్ల జాడ లేదు. ఎక్కడన్నా ఆగిందా? ఆగితే చలి పట్టేస్తుంది. లారీలు బురద చిమ్ముతూ పోతుంటే రోడ్డు అంచు దాకా పోయి చూశాను.

వచ్చింది. పెదాలు నల్లబడ్డాయి. బ్రేకు మీద వేళ్లు బిగుసుకుపోతే నేనే ఒక్కొక్కటీ విప్పదీశాను.

"పంచరైంది తాతా. ఆగిన."

నా చొక్కా లోపలి నుంచి తీసిచ్చిన పొడి బనీను పట్టుకుని, టీ కొట్టు వెనక్కి పోయి మార్చుకొచ్చింది.

"ఇగ చాలు బిడ్డా. ఆటో ఎక్కుదాం, నడువ్."

"వెచ్చగున్నది తాతా" అంటూనే సైకిలెక్కింది.

వానలో మలుపు తిరిగి కనబడకుండా పోయింది. బనీను తీసిన చోట నా కడుపుకు చల్లగాలి తగులుతోంది. చొక్కా గుండీలు పెట్టుకోకుండా అట్లాగే నిలబడ్డాను.