వీపు తిప్పుకుని చూసే మనిషి

"పొద్దుట్నుంచి ఒక్కసారి కూడా ఏడవలేదట బాబాయ్. ఎక్కడో నొప్పి పెట్టి, ఏడవడానికి కూడా ఓపిక లేక అలా పడి ఉందేమో."

గొర్రెల కొట్టం గుమ్మం దగ్గర నిలబడి ఆమె ఆ మాట అనేటప్పటికి చేతిలో ఫోను ఇంకా వెచ్చగానే ఉంది. ఎనిమిది నెలల కూతురు ఇంట్లో అత్తగారి దగ్గరుంది. "బంగారంలా ఆడుకుంటోందమ్మా, కిక్కురుమంటే ఒట్టు" అని అత్తగారు అప్పుడే చెప్పింది. ఇంకో తల్లికైతే కడుపు చల్లబడే కబురు. ఈమె జీవశాస్త్రం చదువుకుంది. నొప్పిని దాచుకునే ప్రాణుల మీద రోజంతా లెక్కలు వేయడమే ఉద్యోగం. అందుకని పిల్ల ఏడిస్తే ఒక భయం, ఏడవకపోతే రెండు.

"నిన్న ఏడ్చిందన్నావుగా?" అన్నాడు బాబాయ్, చూపు ఇటు తిప్పకుండానే.

"నిన్న ఏడ్చింది."

"నిన్నేమన్నావు?"

"ఎందుకేడుస్తోందో తెలియట్లేదన్నాను."

"మరి ఏం చేస్తే నీకు నచ్చుతుందో ఆ పిల్లకో చీటీ రాసివ్వు తల్లీ. పాపం దానికెలా తెలుస్తుంది?"

ఆ పశువుల ఆసుపత్రిలో గొర్రెల కొట్టం చూసుకునే మనిషి బాబాయ్. అరవైకి రెండు మూడేళ్ళు తక్కువ. పెద్ద డాక్టరమ్మ దగ్గర్నుంచి గేటు కాపలా మనిషి దాకా అందరికీ ఆయన బాబాయే. ఆయనకు మాత్రం ఎవరూ పేరుతో గుర్తుండరు, పనితోనే గుర్తు. ఆమెను "లెక్కలమ్మాయ్" అంటాడు.

మందుల గది వెనక, రేకుల కప్పు కింద పొడుగాటి కొట్టం అది. రెండు వైపులా ఇనప కమ్మీల అరలు, ఒక్కో అరలో రెండు మూడు గొర్రెలు, చెవికి పసుపు బిళ్ళ, బిళ్ళ మీద నంబరు. అన్నిటికీ ఒకటే జబ్బు. గిట్టల సందున పుండు పడి, లోలోపలికి కుళ్ళుతూ పోతుంది. పుండు కంటికి కనబడుతుంది, మందు వేస్తారు. నొప్పి ఎంతుందో, తగ్గిందో లేదో చెప్పడమే కష్టం. మందలో కుంటేదాని మీదే ముందు తోడేలు పడుతుంది కాబట్టి, గొర్రె ప్రాణం మీదికొచ్చినా నొప్పిని పైకి కనబడనివ్వదు.

అందుకే డాక్టరమ్మ గొర్రె మొహాన్ని పట్టుకుంది. నొప్పి ఉంటే చెవులు వెనక్కి వాలతాయి, కళ్ళు సగం మూతపడతాయి, ముక్కూ మూతీ బిగుసుకుంటాయి. ఒక్కోదానికి సున్నా నుంచి రెండు దాకా మార్కులు, మొత్తం ఆరు. ఈ మార్కులు కంప్యూటరుకు నేర్పిస్తే, రేపు ఏ మంద దగ్గరైనా ఫోను పెట్టి మొహం చూసి నొప్పి చెప్పేయవచ్చని ఆశ. నలుగురు విద్యార్థులు ఫొటోలు తీసి, వాటిని చూసి మార్కులు వేస్తారు. ఐదో మనిషి కావాల్సి వస్తే, "రోజంతా వాటితో ఉండేవాడు బాబాయేగా" అని ఆయన చేతికీ ఒక పుస్తకం ఇచ్చారు. ఆయన పెద్దగా చదువుకోలేదు. చదవాల్సిన అవసరమూ లేదు, కాగితం మీద బొమ్మలున్నాయి, పక్కన అంకె వేస్తే చాలు. ఏడు నెలలుగా ఒక్కరోజు వదలకుండా వేస్తున్నాడు. అంకెలు మాత్రం బియ్యపు గింజలంత. వాటిని చదవడానికి ఆమెకు భూతద్దం కావాల్సొచ్చేది. అడిగితే, "పుస్తకం చిన్నది, గొర్రెలెక్కువ" అనేవాడు.

ఆ బుధవారం ఆమె కొట్టానికి వచ్చింది పిల్ల కబురు చెప్పడానికి కాదు. ఆ పుస్తకం సంగతి చెప్పడానికి.

లెక్కలో తేడా వచ్చింది. నలుగురు విద్యార్థుల మార్కులు ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. బాబాయ్ మార్కులే తొమ్మిది గొర్రెల దగ్గర ఎగిరి పడుతున్నాయి. వాళ్ళు ఒకటి వేసిన చోట ఈయన నాలుగు, సున్నా వేసిన చోట మూడు. పొద్దున డాక్టరమ్మ ఆమె బల్ల దగ్గరికి వచ్చి, "ఆయన మనసు పెట్టే చేస్తాడు, కాదనను. కానీ నలుగురు ఒక దారి, ఆయనొక దారి. తీసెయ్. సోమవారం కల్లా తేల్చు" అంది. సోమవారమే పదిహేడో నంబరు గొర్రె యజమాని బండి తెస్తాడు. విద్యార్థుల లెక్కలో దానికి నయమైపోయింది. బాబాయ్ పుస్తకంలో మాత్రం దానికి రోజూ నాలుగే.

"బాబాయ్, మీ మార్కులు పక్కన పెడదామంటున్నారు" అంది ఆమె, ఎలా చెప్పాలో తెలియక ఒక్క ముక్కలో.

"పేడ తీయడానికి మార్కులక్కర్లేదులే. తీసేసుకోండి" అన్నాడు. కొంచెం ఆగి, "పదిహేడుని కూడా పంపేస్తారా?" అన్నాడు.

"సోమవారం."

"ఐతే నా పుస్తకం తీసెయ్యనివ్వకు."

ఆ రెండు మాటల మధ్య ఆయన గొంతు మారిపోయింది. ఆమె వెళ్ళిపోదామనుకున్నదల్లా వెళ్ళలేక, పక్కనే ఉన్న గడ్డి మోపు మీద కూర్చుంది. అప్పుడు గమనించింది. తను వచ్చినప్పట్నుంచి ఆయన బోర్లించిన బకెట్ మీద, గొర్రెలకు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. ఎదురుగా గుమ్మం చట్రానికి ఒక పాత అద్దం బిగించి ఉంది. వ్యాన్‌లో డ్రైవరుకి వెనకవైపు చూపించే పొడుగాటి అద్దం. దాన్ని అంతకుముందు వందసార్లు చూసింది, ఆయన తల దువ్వుకోవడానికి పెట్టుకున్నాడనుకుంది. ఆయన తల మీద దువ్వడానికి ఏమీ లేదన్న సంగతి అప్పుడే తట్టింది.

"అద్దంలో చూస్తారా?"

"మరెలా చూడను? మనం తిరిగి చూస్తే అవి గొర్రెల్లా ఉండవు. సెలక్షనుకొచ్చిన సిపాయిల్లా నిలబడతాయి."

ఈ కొట్టానికి రాకముందు ఆయన పందొమ్మిదేళ్ళు ఆసుపత్రి వ్యాన్ నడిపాడు. జబ్బు పశువుల్ని ఎక్కించుకుని రావడం, నయమైన వాటిని దింపి రావడం. దారిపొడుగునా కళ్ళు రోడ్డు మీద, రోడ్డు మీద పని లేనప్పుడు అద్దంలో. వెనక తలుపు తెరిచి డాక్టరు ఎక్కగానే తల ఎత్తి నిలబడే ఆవు, తలుపు పడగానే ఎలా వాలిపోతుందో ఆయన చూసినన్నిసార్లు ఎవరూ చూడలేదు. ఒకసారి ఒక చూడి గొర్రె దారంతా పళ్ళు నూరుతూ వచ్చింది. దించాక డాక్టరు చూస్తే ఠీవిగా నిలబడింది. "బాగానే ఉందే" అన్నాడు డాక్టరు. నేను డ్రైవర్ని, నాకెందుకని ఈయన నోరు మెదపలేదు. సాయంత్రం లోపు అది పోయింది. వ్యాన్ పాతదై తుక్కుకింద అమ్మేసిన రోజు, ఆయన స్పానరు తెచ్చి ఆ అద్దం ఒక్కటీ విప్పుకున్నాడు.

"ఆ గొర్రె తాలూకు మనిషి నాకు ఇప్పటికీ దండం పెడతాడు, బాగా తీసుకెళ్ళావని. ఆ దండం ఎలా తీసుకోవాలో తెలియదు" అన్నాడు. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆమె కూడా వీపు తిప్పుకుని అద్దంలోకి చూసింది. మొదట తన చెదిరిన జుట్టే కనిపించింది. కాస్త పక్కకి జరిగితే మూడో అరలో పదిహేడు. గడ్డి తినడం లేదు. చెవులు వెనక్కి, కిందికి. కళ్ళు సగం. ముందు కుడికాలు నేలకు ఆనీ ఆననట్టు.

సరిగ్గా అప్పుడే ఒక విద్యార్థిని కెమెరాతో లోపలికొచ్చింది. గొళ్ళెం టక్కున పడింది. పదిహేడు తల పైకెత్తింది. చెవులు ముందుకు నిలబడ్డాయి, కళ్ళు విప్పారాయి, కాలు నేలకు ఆనింది. కెమెరా మూడుసార్లు నొక్కి ఆ అమ్మాయి, "హమ్మయ్య, ఇది కోలుకుంది బాబాయ్" అని సంతోషంగా వెళ్ళిపోయింది. తలుపు మూసుకున్నాక చెవులు నెమ్మదిగా, ఒకదాని తర్వాత ఒకటి, వాలాయి.

లెక్కలమ్మాయికి ఒళ్ళు ఝల్లుమంది. నలుగురూ ఒకేలా మార్కులు వేశారంటే నలుగురూ సరిగ్గా చూశారని కాదు. నలుగురూ ఒకే ఫొటోలు చూశారు. ఆ ఫొటోల్లో ఉన్నది మనిషిని చూసిన గొర్రె. బాబాయ్ చూస్తున్నది ఇంకో గొర్రెని. ఇన్ని నెలలుగా కంప్యూటరుకు నేర్పుతున్నది, గొర్రె మనకు చూపించాలనుకున్న మొహాన్ని.

కానీ ఒళ్ళు ఝల్లుమంటే సరిపోదు, అది ఆమెకు తెలుసు. ఆ సాయంత్రమే డాక్టరమ్మతో చెప్పింది. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అద్దం ఏమిటి, నాకెవరూ చెప్పలేదే" అంది. "అడగలేదుగా మేడమ్" అంది ఈమె. తిట్టు పడుతుందనుకుంది, పడలేదు. "సోమవారం దాకా టైముంది. నిరూపించు."

రెండు పాత ఫోన్లు స్తంభాలకు కట్టి, ఎవరూ లేనప్పుడు వాటంతట అవే వీడియో తీసేలా పెట్టింది. తేడా వచ్చిన తొమ్మిది గొర్రెల మొహాలు వీడియోల్లోంచి తీసి, నంబర్లు చెరిపేసి, ముందెప్పుడూ ఈ కొట్టం చూడని ఇద్దరు డాక్టర్ల చేత మార్కులు వేయించింది. ఏది ఏ గొర్రో వాళ్ళకూ తెలియదు, బాబాయ్ ఏం వేశాడో అంతకన్నా తెలియదు. అన్నిటినీ బాబాయ్ పుస్తకం పక్కన పెట్టి చూడగలిగింది కూడా ఆయన పద్ధతి వల్లే. ప్రతిరోజూ ఏడింటికి, ఒంటిగంటకు, ఐదింటికి, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా చూశాడు. విద్యార్థులు తీరిక దొరికినప్పుడు చూశారు.

ఆ నాలుగు రోజులు వీడియోల ధ్యాసలో పడి, ఇంట్లో పిల్ల దగ్గరికి లేచి వెళ్ళడం కాస్త తగ్గింది. ఆదివారం భర్త అననే అన్నాడు: "ఇవాళ పిల్ల దుప్పటి పద్నాలుగుసార్లే ఎత్తి చూశావు. ఒంట్లో బాగానే ఉందా?"

సోమవారం పొద్దున లెక్క తేలింది. తొమ్మిదింట్లో ఆరు బాబాయ్ చెప్పినట్టే. రెండింట్లో ఆయన తప్పు, అవి బాగానే ఉన్నాయి. ఇంకొకటి వీడియో తీసినన్ని రోజులూ కెమెరాకు తోకే చూపించింది కాబట్టి దాని సంగతి ఎవరికీ తెలియదు. డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చదివి, చేతికి గ్లౌజులు వేసుకుని కొట్టానికి నడిచింది. పదిహేడు ముందుకాలు తనే ఎత్తి, గిట్ట అంచు కత్తితో కొంచెం కొంచెం చెక్కింది. పైకి మానినట్టే ఉంది. ఇంకో పొర తీసేసరికి కిందనుంచి చీము చిమ్మింది.

యజమాని బండి ఖాళీగా తిరిగి వెళ్ళింది. "ఇంకో రెండు వారాలు మా దగ్గరుంచండి, మందు మా ఖర్చే" అని డాక్టరమ్మే ఆయనకు నచ్చచెప్పింది. తర్వాత బాబాయ్ వైపు తిరిగి, "నీ పుస్తకం ఉంటుంది. వాళ్ళ ఫొటోలే మళ్ళీ తీయాలి. ఇంకో నాలుగు అద్దాలు ఎక్కడ దొరుకుతాయో చెప్పు" అంది.

"తుక్కు దుకాణంలో దొరుకుతాయమ్మా. ముందు నా రెండు తప్పులేమిటో చెప్పండి" అన్నాడు ఆయన.

లెక్కలమ్మాయి చెప్పింది: నాలుగో నంబరు, పదకొండో నంబరు. ఆయన ఆ రెండు అరల ముందూ చాలాసేపు తచ్చాడాడు. పదకొండోది ముసలి గొర్రె, దాని చెవులు పుట్టుకతోనే వాలుగా ఉన్నాయి. అది ఆయన పట్టుకున్నాడు. నాలుగో దాని దగ్గర తల గోక్కుని, "ఇది నాకు అర్థం కాలేదు" అన్నాడు. గెలిచిన రోజున మనిషి తన తప్పు దగ్గర అంతసేపు నిలబడటం ఆమె అంతకుముందు చూడలేదు. చదువుకున్న వాళ్ళలో అసలే చూడలేదు.

మధ్యాహ్నం పదిహేడు కట్టు కట్టించుకుని, గడ్డిలో పడుకుని నెమరు వేస్తోంది. ఆమె గుమ్మంలో నిలబడి అడిగింది: "రోజంతా ఇక్కడే ఉంటారుగా బాబాయ్. మూడుసార్లే ఎందుకు చూస్తారు? మధ్యలో ఏమైనా అయితే?"

"మొదట్లో ఊరికే చూసేవాణ్ణి. భయం వేసినప్పుడల్లా లేచి వెళ్ళేవాణ్ణి. నేను వెళ్ళినప్పుడల్లా అవీ లేచి నిలబడేవి, ఆ కుళ్ళిన కాళ్ళ మీదే. పడుకుంటేనే కదా మానేది? పోనీ చూసి తెలుసుకున్నదేమైనా ఉందా అంటే అదీ లేదు. భయపడుతూ చూస్తే ప్రతి గొర్రే జబ్బుదే."

ఆమె తల దించుకుంది. ఆయన ఆమె మొహం చూడలేదు, గడ్డి మోపు తాడు విప్పుతూ చెప్పుకుపోయాడు.

"భయం వేసినప్పుడు చూడకమ్మాయ్, వేళకి చూడు. వేళ నువ్వే పెట్టుకో. ఆ వేళకి మాత్రం ఇల్లు కాలిపోతున్నా మానకు. చూసింది రాసిపెట్టుకో, నిన్నటిదాంతో పోల్చి చూసుకో. మధ్యలో అది పిలిస్తే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తు. పిలవకపోతే దాన్ని నిద్రపోనీ, నువ్వు అన్నం తిను."

ఆమె ఆ రోజే వేళలు పెట్టుకుంది. పొద్దున, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం, పడుకోబోయే ముందు. మొదటి వారం వేళకాని వేళ లేచి సగం దారి వెళ్ళి వెనక్కి వచ్చిన సందర్భాలు లెక్కలేనన్ని, లెక్కలమ్మాయి అయి ఉండీ లెక్కపెట్టలేదు. అత్తగారు నవ్వుకుంది, భర్త వేళాకోళం మానుకున్నాడు. ఇప్పుడు ఈ ఆదివారం పిల్ల పక్క గదిలో నిద్రపోతోంది, తలుపు ఓరగా ఉంది. ఒంటిగంటకు ఇంకా ఇరవై నిమిషాలుంది. ఆమె అన్నం తింటోంది.