ఓడినవాని ఇంటికే ముందు పోయేవాడు

మా అమ్మాయికి ఉద్యోగం వచ్చింది! ఈ మాట మొదట వినాల్సిన మా చిన్నాయన మాత్రం పోయిన నెలే కన్నుమూశాడు. నవ్వాలో ఏడవాలో తెలియక, రెండూ చేస్తూ ఇది రాస్తున్నాను. ఓర్చుకుని చదవండి.

నందికొట్కూరు పక్కన మా ఊళ్లో తగాదాలు తీర్చే మనిషి ఆయన. తీర్పు చెప్పిన సాయంత్రం గెలిచినవాని గడప తొక్కేవాడు కాదు. నేరుగా ఓడినవాని ఇంటికి పోయి, పెట్టింది తిని, ఎందుకు ఓడిపోయాడో నిదానంగా చెప్పేవాడు. ఒకసారి కాలువ నీళ్ల తగాదాలో ఓడింది నేనే. నా భార్య సంగటి, ఊరిబిండి పచ్చడి తెచ్చి ఠక్కుమని ముందు పెట్టింది. చిన్నాయన ఒక ముద్ద తిని, "ఏం కోడలా, నా మీద కోపమంతా ఊరిబిండిలో వేసినావా? ఉప్పు శానా ఉండాది" అన్నాడు. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత నాతో అన్నాడు: "గెలిచినోనికి కారణం అక్కర్లేదప్పా. ఓడినోనికే కావల్ల." చేను తడవలేదు గానీ నా మనసు చల్లబడింది.

మా అమ్మాయి కర్నూలులో లా చదివింది. రైతుల కష్టాలు ఫోనులో విని సలహా చెప్పే ఒక కంపెనీకి దరఖాస్తు పెట్టింది. ఆమె మాట విని పరీక్ష చేసింది మనిషి కాదు, ఏఐ అనే యంత్రమట. 'ఎంపిక కాలేదు' అని ఒక్క ముక్క పంపి ఊరుకుంది. బిడ్డ అన్నం ముట్టలేదు. చిన్నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఎందుకు కాదనిందో చెప్పిందామ్మా?"

"లేదు తాతా. అది కోస్తా మాటలే ఎక్కువ విని నేర్చుకునుంటాది. మన యాస దానికి తప్పుగా వినపడిందేమో."

"అంటే మాట అర్థంగాకనే తీర్పు చెప్పేసిందా? దానికన్నా మా ఎద్దు మేలు. హో అంటే అర్థమై ఆగుతాది!"

బిడ్డ అప్పుడు నవ్వింది. ఇట్లాంటివాటికి కొన్ని దేశాల్లో చట్టం చేశారనీ, మన దగ్గర మంచి సూత్రాలు రాశారు గానీ చట్టం ఇంకా రావాలనీ చెప్పింది.

"చట్టం వచ్చేదాకా మర్యాద ఆగల్లనా? కారణం అడుగు. మనిషినే వినమను."

ఆమె అట్లాగే రాసింది. ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఆయన పక్కింటి గోడమీదుగా తొంగిచూసి, "ఏమంటాండాదమ్మా నీ మిషను?" అని అడిగేవాడు. జవాబు రాకముందే వెళ్లిపోయాడు.

ఈరోజు ఆ కంపెనీ నుంచి ఒకామె ఫోను చేసింది. మా అమ్మాయి మాటలు తానే విన్నదట. యాసను యంత్రం తప్పుకింద లెక్కేసిందని ఒప్పుకుని, మన్నించమని అడిగి, ఉద్యోగం ఇచ్చింది. మన జిల్లాల్లో అది కాదన్న పిల్లలందరినీ ఇక మనుషులే మళ్లీ వింటారట. నా తల్లి! నా బంగారు!

ఇంక చెప్పాల్సినవాళ్లు: ప్రొద్దుటూరులో మా అక్క, ఆలస్యమైతే ఏడాదిపాటు అలుగుతుంది. ఆదోనిలో బావ. కడపలో తమ్ముడు, మరదలు. కర్నూలులో అమ్మాయి మేనమామ. పక్కింట్లో మా చిన్నమ్మ, చిన్నాయన భార్య. ఆమెకు చెవుడు, పోయి చెవిలో అరిచి చెప్పాలి. అరుగు మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. గింజలు వేసే గిన్నెను ఇంకా చిన్నాయన కూర్చునే వైపే, ఆయన చెయ్యి అందేలా పెట్టుకుంది.