పాల జగ్గు మీద అరచెయ్యి

శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలై మూడేళ్ళయినా దాని లోపల ఎలా ఉంటుందో నాకు తెలియదు. విమానాలు మా ఊరి మీదుగా దిగుతుంటే మా బర్రెలు కూడా తలెత్తి చూడడం మానేశాయి. అలాంటప్పుడు అక్కడి కాఫీ దుకాణాల్లో పనికి మనుషులు కావాలని డిగ్రీలో నాతో చదివిన అమ్మాయి చెప్పింది. ఊరూరా దుకాణాలున్న పెద్ద కంపెనీ. ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు పెట్టేశాను. ఇంటర్వ్యూకు రమ్మని ఉత్తరం వచ్చాకే బాపుకు చెప్పాను.

బాపు పాలు పితుకుతూ, తల తిప్పకుండా విన్నాడు.

"ఇదొక్కటే బిడ్డా. ఇది కాకపోతే ఇగ నౌకరి మాట ఎత్తొద్దు" అన్నాడు.

సరేనన్నాను. అన్నాను గానీ, ఆ రోజు నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. చదువైపోయి ఏడాదిగా ఇంట్లోనే ఉన్నాను. పేడ తీయడం, పాలు కాచడం, వచ్చిపోయేవాళ్ళకు చాయ్ పెట్టడం. ఈ ఒక్కటీ తప్పిపోతే బతుకంతా ఇంతేనని భయం. దానికి తోడు, బుద్ధెరిగినప్పటి నుంచి నేను కాఫీ రుచి చూసిందే లేదు.

ఇంటర్వ్యూ శంషాబాద్‌లోనే, రోడ్డు పక్క ఒక మేడ మీద. బాపు బండి మీద దింపి, "కిందనే ఉంట, పో" అన్నాడు. ఆయన రాకపోతే బాగుండేదనిపించింది. ఓడిపోతే మెట్లు దిగగానే ఆ ముఖం చూడాలి కదా.

పైన పదిమంది దాకా ఉన్నారు. ఆరాంఘర్ దాటి సిటీ నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. గలగలా ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారు. ఒక్కొక్కరినీ లోపలికి పిలుస్తున్నారు. నా వంతు వచ్చింది.

లోపల మేనేజరమ్మ ఒక్కతే ఉంది. మాట తీరును బట్టి ఆంధ్రా వైపు మనిషి.

"మీకు కాఫీ ఇష్టమేనా అండీ?"

"చాలా ఇష్టం మేడమ్."

"ఏ కాఫీ తాగుతారు?"

నా బుర్రలో ఒక్క పేరూ లేదు. "వేడి కాఫీ" అన్నాను.

ఆమె తల వంచుకుని కాగితాలు సర్దింది. నవ్విందో, విసుక్కుందో తెలియలేదు. తర్వాత నన్ను మూలనున్న కాఫీ యంత్రం దగ్గరికి తీసుకెళ్ళింది. స్టీలు జగ్గులో చల్లటి పాలు పోసి, యంత్రానికున్న సన్నటి ఆవిరి గొట్టాన్ని అందులో ముంచింది.

"అరచెయ్యి జగ్గుకు ఆనించి ఉంచండి. ఇక పట్టుకోలేను అనిపించగానే ఆవిరి ఆపేయండి. అంతే."

పాలంటే నాకు భయమేంటి అనుకున్నాను. ఆవిరి కీచుమనగానే ఎగిరిపడ్డాను గానీ జగ్గు మాత్రం వదల్లేదు. పట్టుకోలేనంత వేడి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నాను. రాదే! ముందే వదిలేస్తే ఓర్పు లేని పిల్ల అనుకుంటారని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. పొయ్యి మీది గిన్నెను మసిగుడ్డ లేకుండా దించే చేతులివి. ఆ సంగతి ఆ నిమిషంలో నాకు తట్టనేలేదు. పాలు బుసబుసా పొంగి నా మణికట్టు మీదుగా యంత్రమంతా పారాయి.

"ఆపండి, ఆపండి!" ఆమె గబగబా ఆవిరి కట్టేసి నా చెయ్యి తిప్పి చూసింది. "చెయ్యి కాలలేదా మీకు? ఎవరైనా ఈపాటికి వదిలేస్తారమ్మా."

మాడిన పాల వాసన గదంతా కమ్మేసింది. ఇంట్లో ఆ వాసన వస్తే అమ్మ చేతిలో నాకు చీవాట్లే. అయిపోయింది, ఇక కిందికి దిగి బాపు ముఖం చూడడమే అనుకున్నాను. ఆ భయంలో ఇంటి మాటే బయటికొచ్చింది.

"మేడమ్, జర ఇంకొక్కసారి. ఈసారి చెవితోని చూస్త."

"చెవితోనా?"

"పొంగేముందు పాల సప్పుడు మారుతది మేడమ్."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, మళ్ళీ జగ్గు నింపింది. కళ్ళు మూసుకున్నాను. కీచుమంటున్న ఆవిరి మెల్లగా గొంతు తగ్గించి బరువెక్కింది. ఆపేశాను. ఆమె పాలలో థర్మామీటరు ముంచి చూసి, "ఇంకాస్త ముందే ఆపాలి" అంది. ఏదో రాసుకుని, ఫోన్ చేస్తామని పంపేసింది. నేనిచ్చిన నంబరు బాపుది. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోనే.

మూడు రోజులు గడిచాయి. బాపు ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు. నాలుగో రోజు ఆయన ఫోను ఛార్జింగ్‌కు పెట్టి గడ్డి కోయడానికి పోయాడు. అందులో వచ్చిన కాల్స్ తెరిచి చూశాను. ఉత్తరం మీదున్న కంపెనీ నంబరే. ఫోన్ వచ్చి రెండు రోజులైంది. బాపు మాట్లాడాడు కూడా.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. వద్దని చెప్పేశాడా? నన్ను అడగకుండానే? కోపం తెచ్చుకుందామన్నా రాలేదు, అంత భయం. గడ్డిమోపు నెత్తి మీద పెట్టుకుని ఆయన వచ్చేదాకా కొట్టం దగ్గరే నిలబడ్డాను.

"బాపూ, కాఫీ కంపెనీ నుంచి ఫోనొచ్చిందా?"

మోపు దించకుండానే ఆగిపోయాడు. "వచ్చింది."

"ఏం చెప్పినవ్?"

"సోమారం నుంచి రమ్మన్నరు. వస్తదని చెప్పిన."

"మరి నాకెందుకు చెప్పలే?"

బాపు నేల చూస్తూ అన్నాడు. "రెండ్రోజుల సంది చెప్దామనే అనుకుంటున్న బిడ్డా. నోరు రాలే. గంత పెద్ద జాగల నువ్వొక్కదానివి ఎట్లుంటవో ఏందో. నాకు భయమైతున్నది."

ఇన్నాళ్ళూ నేను భయపడింది ఈ మనిషికే. ఏమనాలో తోచక మోపు దించుదామని చెయ్యి వేశాను. దాని కింద బాపు మెడ వణుకుతోంది.